కోడినిద్ర

పన్నెండూ నలభై.
గల్లా ముందు పడవవాడు, గడ్డం నిండా ఉప్పు.
నూట నలభై బారల తాడు కావాలట.
ఒకటి కొట్టాను, నాలుగు కొట్టాను,
సున్నా దగ్గర తెర బిగుసుకుపోయింది.

"నీకూ పోయిందా?" పక్క గదిలోంచి హానుస్.
మెట్ల మీద దబదబా బిరీటా బూట్లు.
అందరికీ పోయింది.

ఫారో దీవుల్లో, వాగుర్ రేవులో,
మా వలల గోదాముకి ఉన్నది ఒక్కటే చిట్టా.
గాలాలు, బెండ్లు, సీసపు గుళ్లు, ఎవరి బాకీ ఎంత, అన్నీ అందులోనే.
ఆరుగురం ఆరు గదుల్లోంచి దానిమీదే చేతులు పెడతాం.
మూడు వారాలుగా, సరిగ్గా అన్నం వేళకి,
అది మా చేతుల కిందనుంచి జారిపోతోంది.

గాలి అన్నారు. ఇక్కడ ఏది చెడినా ముందు గాలినే అంటారు.
తర్వాత తీగ అన్నారు. తీగ మార్చారు.
తర్వాత వంటగదిలో మైక్రోవేవ్ మీద పడ్డారు,
దాని ప్లగ్ పీకి హానుస్ తన జేబులో వేసుకున్నాడు.
మూడు వారాలు చేపల పులుసు చల్లగానే తాగాం.
ఫోనులో మెకానిక్ మాత్రం
ఆపి మళ్లీ వేయండి అన్నాడు, తథాస్తు అన్నంత తేలిగ్గా.

ఆవేళ నేను వెతికింది జబ్బుని కాదు, స్టేప్లర్‌ని.
ఎల్స్‌పా గదిలోకి వెళ్లాను.
కుర్చీ ఖాళీ. తెర నలుపు.
బల్ల కింద చిన్న దీపం
నింపాదిగా వెలుగుతోంది, ఆరుతోంది,
ఊపిరి తీసినట్టు.
చిట్టా ఉండేది ఆ పెట్టెలోనే.
తాళంచెవి బొడ్లో దోపుకుని
గుమ్మానికి అడ్డంగా కునుకు తీస్తున్న మనిషిలా ఉంది.

మౌస్‌ని వేలితో తాకానంతే,
కోడినిద్ర! ఠక్కున లేచింది.
గోడ అవతల హానుస్ కేక: "వచ్చింది!"

ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే అది పడుకుంటుంది.
పదకొండేళ్లుగా అలాగే ఉందట ఆ ఏర్పాటు.
పదకొండేళ్లలో ఒక్కసారీ పడుకోలేదు.
ఎల్స్‌పా ఒక చేత్తో రొట్టె తింటూ
రెండో చెయ్యి దానిమీదే ఉంచేది.
మేమెవరం చూడలేదు.
ఉన్నచోట ఉన్నదాన్ని ఎవరు చూస్తారు?

మరి ఈ మూడు వారాలు?
కిటికీలోంచి రేవు కనిపిస్తోంది.
ఆరు తెడ్ల పడవ ఒకటి, ఆడవాళ్లది,
జులై పందేలకి సాధన.
వెనక నుంచి రెండోది, నారింజ రంగు టోపీ,
యాభై ఎనిమిదేళ్ల వయసులో
నీళ్లని వెనక్కి నెట్టేస్తోంది మా ఎల్స్‌పా.

నిలబడి కాసేపు చూశాను.
తర్వాత కూర్చుని ఆ ఏర్పాటు తెరిచాను.
నిద్ర ఎప్పుడు? అని అడిగింది.
ఎప్పుడూ వద్దు, అని పెట్టాను.
ప్రాణమున్నదానికైతే
అలా రాయడానికి చెయ్యి ఆడేది కాదు.

ఆమె తిరిగొచ్చేసరికి చొక్కా చేతులు తడి,
అరచేతుల్లో కొత్త బొబ్బలు.
"మధ్యాహ్నం ఏమన్నా ఇబ్బందా?"
"తీగ," అన్నాను. "మార్చేశాం."
హానుస్ నోరు తెరవబోయాడు.
వాడి జేబులోంచి ప్లగ్ తీసి వాడి చేతిలో పెట్టాను.

డిసెంబరులో సరుకు లెక్క.
చిట్టాలో ఆనాటి తాడు పద్నాలుగు బారలే;
సున్నా వేయడం నేనే మరిచిపోయాను.
గోదాములో మిగతాది లేదు.
ఎల్స్‌పా కళ్లజోడు మీదుగా చూసింది:
"నూట ఇరవై ఆరు బారలు ఎటుపోయాయి?"

బొబ్బలు కాయలు కట్టిన ఆ చేతులు చూస్తూ
"పడవెక్కి పోయాయి," అన్నాను.
అబద్ధం కాదు.
ఆమె నమ్మలేదు.
పెన్సిలు తీసుకుని
మొదటినుంచి మళ్లీ లెక్కపెట్టసాగింది.