గరిటజారు నీలం

అల్లిపురంలో మా సందుకి బోర్డు మీద ఒక పేరు,
జనం నోట్లో ఇంకో పేరు.
రెండు గదుల షాపు. ఫ్యాను ఉంది, వెయ్యం.
గాలికి బనీన్ల నూగు లేచి
తడి అచ్చు మీద వాలిపోతుంది.

పొద్దున్నే మూత తీస్తే
తెల్ల ఇంకు రాత్రంతా అలిగి పడుకున్నట్టుంటుంది.
గరిట దిగదు. దిగితే రాదు.
చేరిన కొత్తలో పలచన చేద్దామని
నూనె సీసా అందుకున్నాను.
ఖాదర్ వలీ గారు నా మణికట్టు పట్టుకున్నారు.
"ముందు కలుపు.
ఏం పొయ్యాలో అదే చెప్తుంది."

రెక్క పీకేదాకా కలిపాను.
చుక్కైనా పొయ్యకుండానే
ముద్ద కాస్తా మెత్తబడింది, మెరిసింది,
గరిట అంచు మీంచి మడతలు మడతలుగా జారింది.
అట్లపిండి దగ్గర మా అమ్మ అనే మాటే
నోటికొచ్చేసింది: గరిటజారు.
ఆయన నవ్వలేదు.
చెవి మీది పెన్సిల్ తీసి గోడ మీద రాసుకున్నారు.

అప్పట్నుంచీ షాపులో అవే కొలతలు.
బనీనుకి గరిటజారు.
గోనెసంచికి ముదురుపాకం.
వెంట్రుకవాసి గీతలుంటే లేతపాకం.
వేసంగి వచ్చిందంటే
అన్నీ వాటంతటవే ఒక మెట్టు దిగుతాయి,
మేమూ దిగుతాం, చొక్కాలు విప్పేసి.

ఆషాఢంలో ఒక మబ్బు రోజు
పెదజాలరిపేట నుంచి గరికిన ఎల్లాజీ వచ్చాడు,
వాలీబాల్ జట్టు తరఫున.
చంకలో ఒక పాత బనీను.
దాని మీద కొమ్ముకోనాం చేప, నీలంగా,
నీలం అని మనం అనుకుంటే నీలంగా.
ఎండ తిన్నది, ఉప్పు తిన్నది, మిగిలింది.
"ఇలాంటివే పద్నాలుగు కావాలండి."

పొడుగెక్కువైందని ఎవరో
కింది అంచు మడిచి కుట్టించారు.
బ్లేడుతో నాలుగు కుట్లు తెంపాను.
లోపల చేప తోక.
అచ్చువేసిన రోజు నీలం,
ఒక్క అలకీ తడవనట్టు.

"ఏ నీలం కావాలి?"

ఇటు చూశాడు, అటు చూశాడు.
బయట ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.
"ఆ లోపల్ది ఎవలు చూసేరండి?
మాకు తెలిసింది ఇదే."

వెలిసిన రంగుని కొత్తగా చెయ్యాలి.
ఏ డబ్బా మీదా దానికి లెక్క లేదు.
తెలుపులో నీలం వేస్తే ఆకాశమైంది.
ఇంకొంచెం వేస్తే స్కూలు యూనిఫారమైంది.
అగ్గిపుల్ల మొనతో నలుపు తాకిస్తే
గిన్నె మొత్తం దిగులుపడింది, పారబోశాం.
గుడ్డపీలిక మీద అచ్చువేసి, వేడి చూపించి,
వీధిలోకి పరిగెత్తడం, మబ్బు తొలగేదాకా నిలబడడం.
ట్యూబులైటు కింద ఏ రంగైనా ఒప్పుకుంటుంది,
ఎండ ఒప్పుకోదు.

ఎదురుగా ఇడ్లీల నూకరత్నం
రేకు ప్లేట్లు తోముతూ తల పైకెత్తి, మూడుసార్లూ
ఒకే తీర్పు ఇచ్చింది:
"ఇంకా కొత్తగానే ఉందమ్మా."

"ఉప్పు ఆడినచోట పసుపుంటుంది,"
అన్నారు ఖాదర్ వలీ గారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.
గోటి కొసమీద పసుపు తీసి
గిన్నె అంచుకి రాశారు.
నేను కలిపాను. చాలాసేపు కలిపాను.
నాలుగో పీలిక చూసి
నూకరత్నం ఏమీ అనలేదు,
ప్లేట్లు తోముకుంది.

నోటుపుస్తకంలో రాశాను:
తెలుపు ఆరువందల పది గ్రాములు,
నీలం యాభై రెండు,
నలుపు అగ్గిపుల్ల మొన, అదీ సగం,
పసుపు ఖాదర్ వలీ గారి చిటికెనవేలు.
పేరు దగ్గర ఏం రాయాలో తోచక
ఎల్లాజీ అని రాశాను.

పద్నాలుగింటికి పదహారు గుడ్డలు పట్టాయి.
మిగిలిన ఇంకు అలమారాలో, పైఅరలో,
మళ్లీ బిగుసుకుంటోంది.
ఆ పద్నాలుగూ వెలిసిపోయాక వస్తాడు కదా,
అప్పుడు ఏ నీలం అడుగుతాడో.

పాత బనీను అంచు
యథాప్రకారం మడిచి కుట్టేశాను.
తోక లోపలే ఉంది.
ఆ రాత్రి అన్నం కలుపుతుంటే
నా గోళ్లలో రెండు నీలాలూ ఉన్నాయి,
ఏది ఏదో తెలియలేదు.