నీళ్ల మీది నేరం

మర్రిగూడ దిక్కు ఎవరి కాళ్లు వంకరపోయినా
నీళ్ల మీదనే నేరం.
మా నిత్యశ్రీ నాలుగేండ్లకు గూడ నిలవడకపోతే
మేమూ బోరునే తిట్టినం.
చండూరు నుంచి క్యాన్లు మోసినం.
అత్తమ్మ రాగిబిందె తోమి తోమి సన్నగ చేసింది.

గుండెల చిల్లు సంగతి వేరే అనుకున్నం.
నల్లగొండల డాక్టరమ్మ గొట్టం ఆనిచ్చి
చానాసేపు తియ్యలే.

చెంచెడు నెత్తురు పట్నం పోయింది.
మూడు నెల్లకు కాయితమొచ్చింది:
రెండూ ఒక్కటే రోగమట,
ఒడువని రాతల ఒక్క అక్షరం తప్పు,
నా దిక్కునుంచి ఒకటి, లింగస్వామి దిక్కునుంచి ఒకటి.
నాకు అమ్మతండ్రి, ఆయనకు నాయినతండ్రి
ఒక్కడే గద.

డెబ్బై ఏండ్ల దాక తాడెక్కిన మనిషి,
ఏనాడూ ఆయాసపడలే.
ఎకరంనర పంచిండు, లొట్లు పంచిండు,
ఇది పంచినట్టు ఆయనకే తెల్వదు.
ఎవర్ని తిట్టాలె?

కాయితం అత్తమ్మకు చదివి చెప్పిన.
విన్నది.
మళ్ల బిందె ముందటేసుకున్నది.

నిన్న పొద్దుమూకినంక బిడ్డ "ని" అన్నది.
నీళ్లో, తన పేరో.
గిలాస పట్టుకొని ఉరికిన.