పావు చుట్టు

ఔదెనార్డెలో వాన.
"ఎత్తు మొదలవగానే మొండికేస్తుంది,
చిన్న చక్రం మీదికి దిగనంటుంది చైను,"
టోపీ పిండుకుంటూ వాన్నెస్.

గోడెలీవ అతని పెదాలు చూసింది,
సైకిల్ని స్టాండుకెత్తింది.
ముందు తీగ వదులు చేసింది.
బిగుసుకున్నదానికి బుద్ధులు చెప్పలేం కదా.

పెద్ద పళ్ళకీ గేరు రేకుకీ నడుమ
నాణెమొకటి దూరితే చాలు.
స్క్రూ పావు చుట్టు.
కర్... కర్...
ఇంకో పావు.
ఊహూఁ, ఎక్కువైంది,
అందులో సగం వెనక్కి.

నిరుడు మూతబడ్డాయి చెవులు.
ఇప్పుడు బొటనవేలు ఫ్రేముకానించి
రాపిడిని వింటుంది.

తీగ బిగించి, పెడల్ తిప్పుతూ
మీట నొక్కింది.
టక్కున దిగింది చైను,
చీకట్లో మెట్లు తెలిసిన పిల్లిలా.

"పోయింది శబ్దం!" వెనకనుంచి అరిచాడు వాన్నెస్.
ఆమె తిరగలేదు.
వేలు ఇంకా అక్కడే ఉంది,
నూనె మరకతో,
ఏమీ లేనిదాన్ని తడుముతూ.