పదును లేని కత్తి

షెఫీల్డ్‌లో కత్తితో
అందరికీ ఏదో ఒక చుట్టరికం ఉంటుంది.
ఆల్విన్ స్టానిఫోర్త్‌ది రక్తసంబంధం.
తాత సానపట్టాడు, తండ్రి సానపట్టాడు,
తను నలభై నాలుగేళ్లు
డాన్ నదికి మూడు వీధుల ఇవతల
గుర్రమని పిలుచుకునే చెక్కపీట మీద
కాళ్లు చెరోవైపు వేసి కూర్చుని
తిరిగే రాయికి ఉక్కును అప్పగించాడు.

ముందు చేతి తొడుగులు బిగుతయ్యాయి.
ఉతికితే కుంచించుకుపోయాయంది డోరీన్.
తర్వాత బూట్లు, ఒక సైజు, మరో సైజు.
తర్వాత టోపీ.
అరవై దాటినవాడు ఎదుగుతాడా ఎక్కడైనా?
పెళ్లి ఉంగరం వేలిని కొరుకుతుంటే
నగలవాడు చిన్న రంపంతో కోసి తీశాడు.
డోరీన్ ఆ రెండు ముక్కల్నీ
టీ పొడి డబ్బాలో దాచింది.

తల నడుమ, ముక్కు మొదలుకి వెనక,
ఎముక చిన్న జీనులా వంగినచోట
అదీ ఒక గుర్రం ఎక్కి కూర్చునే ఉంటుంది,
శనగగింజంత గ్రంథి.
మన భాష దానికి పీయూషమని పేరు పెట్టింది.
అమృతం ఎక్కువైతే ఏమవుతుందో
ఆల్విన్ చేతులు చూస్తే తెలుస్తుంది.
గోరంత గడ్డ, కొండంత వేళ్లు.

ముక్కులోంచి వెళ్లి ఒకసారి తవ్వారు.
నెత్తుటి గొట్టాన్ని కరుచుకున్న ముక్క మిగిలిపోయింది.
"ఈసారి గామా కత్తి" అన్నారు.
"పదును ఎవరు పెడతారు?"
నర్సు నవ్వింది.
అతను నవ్వలేదు.

భౌతికశాస్త్రం చదివిన టామ్సిన్ ఓల్డ్‌రాయిడ్
కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది:
కోబాల్టు కిరణాలు, నూట తొంభై రెండు.
ఒక్కొక్కటీ మొద్దుది,
దారిలో ఎవరినీ పెద్దగా కదిలించకుండా తలలోంచి పోతుంది.
అన్నీ కలిసే ఆ ఒక్కచోట మాత్రం
"నిప్పురవ్వలు" అన్నాడు ఆల్విన్.
"ఒక రవ్వ పడితే ముంజేతి మీద వెంట్రుక కూడా కాలదు.
అన్నీ ఒకేచోట పడితే
తోలు ఏప్రాన్‌కి చిల్లే."
ఆమె అది రాసుకుంది.
"కంటి నరం ఎంత దూరం?"
"మూడు మిల్లీమీటర్లు."
ఈల వేశాడు.

పొద్దున్నే తలకి చట్రం బిగించారు.
నాలుగు సూదిమందులు, నాలుగు మరలు.
అద్దం అడిగి తెప్పించుకుని
మొహం కాదు, మరలు చూసుకున్నాడు.
"మంచి పనితనం. ఎవరిది?"
ఎవరికీ తెలియదు.

బల్ల లోపలికి జరిగింది.
పాట పెట్టమంటారా అన్నారు, వద్దన్నాడు.
కత్తి చప్పుడు వినాలి.
యాభై రెండు నిమిషాలు
మోత లేదు, తడిరాతి వాసన లేదు,
పంటి కింద ఇసుక లేదు.
ఇంత నిశ్శబ్దంగా జరిగేది పనేనా అని
అతనికి లోలోపల అనుమానం.

సాయంత్రం ఇంట్లో, నుదుటి మీద రెండు పట్టీలు,
పళ్లెంలో చేప, బఠాణీలు.
"అయిపోయిందా?" అంది డోరీన్.
"మొదలైందట."

ఆర్నెల్లకోసారి నెత్తురిచ్చాడు.
అంకె దిగింది, మొండికేసింది,
మళ్లీ కాస్త దిగింది.
రెండో ఏడు స్కాన్‌లో గడ్డ అక్కడే ఉంది,
దాని అరుపే తగ్గింది.
పెరిగిన ఎముక వెనక్కి రాదని ముందే చెప్పారు.
వాపు తీసిన వేళ్లకి
కొత్త ఉంగరం కొలత తీసుకుందామంటే
"ఇంకొన్నాళ్లు ఆగు" అన్నాడు.

ఆ చేతులతోనే, చాలా రోజులు పట్టి,
కొమ్ము పిడితో ఒక జేబుకత్తి చేసి
ఓల్డ్‌రాయిడ్‌కి తీసుకెళ్లాడు.
కత్తిని ఊరికే ఇస్తే స్నేహం తెగుతుందని వాళ్ల నమ్మకం,
పుచ్చుకునేవాళ్లు ఒక పెన్నీ ఇవ్వాలి.
ఆమె జేబులన్నీ వెతికింది, బ్యాంకు కార్డు తప్ప ఏమీ లేదు.
వరండా తుడుస్తున్నతన్ని అప్పు అడిగి తెచ్చి
ఆ పెద్ద అరచేతిలో పెట్టింది.
వేళ్లు మూసి అన్నాడు:
"జాగ్రత్త, ఇది మీదాని లాంటిది కాదు.
వెంటనే తెగుతుంది."