కారణం గడి

సెలవు కాగితంలో
పేరుకి జానెడు చోటు, తేదీకి బెత్తెడు.
కారణానికి మాత్రం
బారుగా మూడు గీతలు.
ఎవడు గీశాడో,
పుండు కనిపిస్తే వేలు పెట్టి చూసే అలవాటున్నవాడే
అయ్యుంటాడు.

పంతొమ్మిదేళ్లుగా టైమాఫీసు గుమాస్తాని.
కంటైనర్ యార్డు గేటు పక్కన రేకుల గది.
కిటికీ తెరిస్తే ఖనిజం దుమ్ము, మూస్తే ఉక్క.
ఎవరికి షుగరో, ఎవరి కడుపు నిలవలేదో,
ఎవరు తాగుడు మానడానికి మందు మింగుతున్నారో
అన్నీ ఈ బల్ల మీదుగానే వెళ్ళాయి.

ఒక ఏడు శ్రావణంలో
రోంగలి అప్పలసూరి డాక్టరు చీటీ పట్టుకొచ్చాడు.
ఉన్నదున్నట్టు రాశాను, ఎర్ర సిరాతో:
"క్షయ. ఆర్నెల్లు మందులు."
అప్పట్లో నా దస్తూరీ ముత్యాల కోవ.
మస్టరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.
సంతకానికి వంగిన ప్రతివాడూ చదివాడు,
చదువు రానివాడికి పక్కవాడు చదివిపెట్టాడు.

తిరిగొచ్చేసరికి అతని దగ్గు తగ్గిపోయింది.
ఇక పర్లేదని డాక్టరు కూడా రాసిచ్చాడు.
క్యాంటీన్లో అతని గ్లాసుకి
ఎవరో దారం కట్టి ఉంచారు. ఎర్రది.
నా సిరా రంగే.
ఎవరూ ఏమీ అనలేదు.
"బాబూ, తమరి రాత బాగుంటాది" అన్నాడొకసారి నాతో.
వెటకారమో కాదో
ఇప్పటికీ తేల్చుకోలేను.
దసరా లోపే పని ఒగ్గేసి
గాజువాక వైపు ఏదో గోడౌనుకి వెళ్ళిపోయాడు.

పని లేనప్పుడు పెట్టెల్ని చూస్తుంటాను.
నలభై అడుగుల పెట్టె. తలుపుకి సీలు.
ఒక నంబరు, ఒక బరువు.
బరువు క్రేనుకి చెప్పి తీరాలి, లేకపోతే తీగమోకు తెగుతుంది.
లోపల రొయ్యలో, రాళ్ళో, ఎవరి కాపురం సామానో
క్రేనుకెందుకు?
కస్టమ్స్ వాళ్ళు విప్పినా
షెడ్డులోకి తీసుకెళ్ళి విప్పుతారు.
కాన్వెంట్ జంక్షన్లో లారీ ఆగితే
టీ తాగేవాడెవడూ లేచొచ్చి
"ఏదీ, తలుపు తియ్యి" అనడు.
ఇనప పెట్టెకి ఆపాటి పరువుంది ఈ ఊళ్ళో.

మొన్న పొద్దున్న ఆరింటికి ఫోను.
వేబ్రిడ్జి దగ్గర పనిచేసే మైలపల్లి నూకరత్నం.
"నాలుగు రోజులు రాలేనండి."
వెనకాల ఎవరో పేర్లు పిలుస్తున్నారు, స్ట్రెచరు చక్రాల కిర్రు.
ఏ ఆసుపత్రో, ఏ వార్డు వరసో పోల్చుకోగలను.
పోల్చుకోలేదు.
"ఏటైందమ్మా" అన్న మాట
నాలుక చివరిదాకా వచ్చింది.
అటు నిశ్శబ్దం.
"నాలుగేనా? ఐదు రాయనా?" అన్నాను.
ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.
"నాలుగు చాలండి."

అనారోగ్యం, నాలుగు రోజులు. అంతే రాశాను.
మిగిలిన రెండు గీతల మీదుగా
పెన్ను అడ్డంగా లాగేశాను.

తొమ్మిదింటికి షిఫ్టు ఇన్‌ఛార్జి వచ్చాడు.
"ఏటి జబ్బట? గ్రూపులో పెట్టు, అందరికీ తెలవాల గదా."
"నాలుగు రోజులు సార్. వేబ్రిడ్జికి ఇంకొకర్ని చూసుకోండి."
"ఆడమనిషి... ఏటుంటాది, అదే అయ్యుంటాది" అని నవ్వాడు.
నేను నవ్వలేదు.
ఆయన నవ్వాక నేను నవ్వకపోవడం
పంతొమ్మిదేళ్లలో ఇదే మొదలు.
ఆ తర్వాత ఆమె చీటీ వస్తే కవర్లో పెట్టి, నాలుకతో తడిపి అంటించి,
బీరువాలో వేసి
తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను.
అప్పలసూరికి ఇది చాలా ఆలస్యం.
తెలుసు.

ఇప్పుడు నా చొక్కా జేబులోనూ
ఒక కాగితం ఉంది, మూడు మడతలు పెట్టి.
సోమవారం నుంచి నేనూ రాను.
నా ఫారం నేనే నింపుకున్నాను.
అక్షరాలు గీత మీద నిలబడలేదు,
ముత్యాలు ఎటో దొర్లిపోయాయి.
దాన్నిబట్టి మీరేదో అనుకుంటున్నారు.
అనుకోకండి.

బరువు చెబుతాను, రాసుకోండి:
పదకొండు రోజులు.