ఎవురు నవ్వారు, ఎవురు నవ్వలా

మార్కాపురంలో, కంభం రోడ్డు మీద మా పలకల షెడ్డుకి
హైదరాబాదు నించి ఒక పిల్లొచ్చింది.
నీరజాక్షంట, నవ్వు మీద పెద్ద చదువంట.
గుమ్మంలో చెప్పులిప్పింది.
ఇప్పబాకమ్మా, రాతి పెచ్చులుంటయ్యి, అనేలోపే
అబ్బా అంది.
మొదటి నవ్వు అదే. దాన్ని రాసుకోలా.

సంచీలోంచి నలభై కార్టూన్లు తీసింది,
పేపర్లలో కత్తిరించి అట్టలకి అంటించినయ్యి.
ఫ్రేములు బిగించే బల్ల మీద పేకముక్కల్లాగా పరిచి
"ఏది చూస్తే నవ్వొస్తదో చెప్పండి,
ఎందుకొచ్చిందో కూడా చెప్పండి" అంది.
ఎందుకో తెలిసినాక ఇంకేం నవ్వు తల్లీ.

అర్ధరాత్రి ఇంటికొచ్చే మొగుడు,
తలుపు చాటున పెళ్లాం, చేతిలో అప్పడాల కర్ర.
మస్తానమ్మ అట్టని వెలుతురుకి పెట్టి చూసింది.
"మా ఇంట్లోనూ ఉంది కర్ర.
పట్టుకునే చెయ్యే వేరు" అంది.
షెడ్డు షెడ్డంతా ఒకటే నవ్వు.
ఆ పిల్ల "నవ్వారు" అని టిక్కు పెట్టుకుంది.
బొమ్మకి కాదమ్మా, అని ఎవురూ చెప్పలా.

పల్లెటూరోడి బొమ్మ: చొక్కాకి నాలుగు మాసికలు.
బస్తాలు మోసే కోటేశు దాన్ని వదల్లా.
"చూడు, పలక కోసినట్టు చదరంగా కుట్టారు.
మా అమ్మ రఫ్పు కుడితే చిరిగిందని నాకే తెలవదు.
పేదరికం కనపడాలని
ఎవురు కుట్టుకుంటారమ్మా?"

బొజ్జ నాయకుడి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి
మేస్త్రీ ఓబులరెడ్డి వచ్చి నిలబడ్డాడు.
ఆయన నవ్విందాకా మేం నవ్వలా.
ఆయన నవ్వినాక
నవ్వకుండా ఉండలా.

నల్లపిల్లకి పెళ్లిచూపులు,
పిల్ల రాంగానే పెళ్లికొడుకు "కరెంటు పోయిందా" అంటాడు.
పంతొమ్మిదేళ్ల రాహేలు ఆ అట్టని బోర్లించి
పలక అంచు అరగదీసుకుంటా కూచుంది.
అది ఏ గడిలో పడిందో మాకు తెలవదు.

టీవీ సంగతి అడిగితే నేను మా మనవడి మాట చెప్పా.
వాడు పొద్దస్తమానం బొమ్మల ఛానలే.
నిన్న అన్నం దగ్గర కూచోని
"నాకు మిక్కిలి ఆకలిగా ఉంది మిత్రమా" అన్నాడు నన్ను.
ఏందిరా అది అంటే "తెలుగు" అన్నాడు.
మరి నేను మాట్టాడేది ఏందో.

సాయంత్రం రికార్డరు మళ్లీ పెట్టి విన్నది.
నవ్వు యాడ ఆగిందో, దగ్గు యాడ మొదలైందో
ఆమెకి దొరకలా.
రాతి దుమ్ములో రెండూ ఒకే గొంతులోంచి వస్తయ్యి,
మాకే ఒక్కోసారి తెలవదు.

ఈ లోపల మస్తానమ్మ, బడి మొహం చూడని మనిషి,
ముప్పై ఏళ్లుగా పలకలు తోమిందే గాని
ఒక్క గీత గియ్యని మనిషి,
బలపం ముక్క తీసుకోని ఏందో గీకతా ఉంది.
రెండు సున్నాలు కళ్లద్దాలు.
ఒంటికాలి మీద కొంగలాగా నిలబడ్డ పిల్ల,
పాదంలో పెచ్చు,
చేతిలో మనిషికన్నా పొడుగు పెన్ను.

కోటేశు బస్తా దించి మరీ నవ్వాడు.
మేస్త్రీ వంక ఎవురూ చూడలా.
రాహేలు కళ్లల్లో నీళ్లు తిరిగిందాకా నవ్వి,
ఆమెనే అడిగింది:
"నవ్వొచ్చిందా అక్కా? ఎందుకొచ్చిందో చెప్పు."
ఆ పిల్ల చెవులు ఎర్రబడినయ్యి.
పెన్నుకి మూత పెట్టింది.
అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది.

పోయేటప్పుడు ఆ పలక ఇమ్మని అడిగింది.
అప్పటికే డజన్ల కట్టలో కలిసి లారీ ఎక్కింది అది.
ఏ ఊళ్లోనో ఒక పిల్లోడు కట్ట విప్పుతాడు,
ఎంగిలి పెట్టి తుడిచి అ దిద్దుతాడు.
తుడిచే ముందు ఒకసారి నవ్వుతాడేమో.
ఎందుకని వాణ్ణి అడగబాకండి.