కుడిచేతి ఆమె

పానగల్లు మ్యూజియంల
నెల రోజుల కొలువు నాది.
సముద్రాల అవతలి నుంచి పెట్టెలల్ల వచ్చిన వస్తువులకు
ఒక్కోదానికి నాలుగు వరుసల తెలుగు రాయాలె.

మొదటి పెట్టె విప్పిన్రు.
మూడు కాళ్ళ రాయి. నడుమ అరిగిన గుంట.
నేను పెన్ను మూత తీసేలోపల
చీపురు పక్కకు పెట్టి సైదమ్మ వంగి చూసింది.
"కుడిచేతి ఆమె నూరింది సారూ.
సూడు, ఆ దిక్కే ఎక్కువ అరిగింది."

వాళ్ళు పంపిన పదహారు పేజీలల్ల
ఆ ముక్క లేదు.

ఏం నూరిందో చెప్పిన:
సున్నపు నీళ్ళల్ల నానవెట్టిన మక్కలు,
ఇంకో రాతి మీద మిరపకాయలు.
"మిరపకాయ మనది గద!"
కాదు, అక్కడిదే.
మక్కకంకి అక్కడిదే, టమాట అక్కడిదే,
ఆఖరికి సీతాఫలం గూడ.

సీతాఫలం అనంగనే సైదమ్మ మొహం మారింది.
బాలానగర్ గుట్టలల్ల
గంప మోసిన పిల్లప్పటి ఆకలి
ఎవరో వచ్చి మాదంటున్నట్టు
కొంచెం సేపు చీపురు కదలలే.
"మరి సీతమ్మ అంత దూరం ఎప్పుడు వోయింది?"
ఆ పదహారు పేజీలల్ల అదీ లేదు.

వానదేవుడికి రాసుడు అల్కగ అయింది.
కోరపళ్ళు, కండ్లద్దాలు వెట్టుకున్నట్టు గుండ్రటి కండ్లు.
అంత పెద్ద కండ్లుండి
పాలమూరు ఎట్ల కనవడలేదో అడగాలనిపించింది,
చీటీల జాగ సరిపోలే.

నాలుగో పెట్టెల పుర్రె.
ముందు పళ్ళకు సన్నటి బెజ్జాలు వెట్టి
పచ్చరాయి పొదిగిన్రు,
ఆ మనిషి బతికుండంగనే.

రాత్రి కాపలా బుగ్గయ్యది మర్రిగూడ దిక్కు.
యాభై నిండలే, నడుము అప్పుడే విల్లు.
పళ్ళ మీద గోధుమరంగు చారలు,
బోరు నీళ్ళు గీసినయి.
ఫోటో అంటె పెదవులు బిగవట్టే మనిషి
అద్దం ముందట నిలవడి,
ఆ పళ్ళ మీద తన పళ్ళ నీడ వడేటట్టు
తల ఇంత పక్కకు జరిపి
నోరు తెరిచిండు.
చాలాసేపు అట్లనే.
తర్వాత,
"మంచి నీళ్ళు తాగిన్రు" అన్నడు,
ఎవరి మీదా కోపం లేకుంట.

తెల్లారి ఆఫీసరు చీటీలన్నీ చదివిండు.
"నూరే రాయి. మక్కలు నూరేవారు.
కుడిచేతి వాటం ఆమె అరగదీసింది."
మూడో మాట కింద ఎర్ర గీత వడ్డది.
"ఆధారం ఏది?"

నేను సైదమ్మ దిక్కు చూసిన.
ఆమె వరండాల బకెటు పిండుతున్నది,
కుడిచెయ్యి మీద, ఎడమచెయ్యి కింద.
ఏం చెప్పకుంట
గీత కింది మాట తీసేసి మళ్ళ ప్రింటు కొట్టించిన.

ప్రదర్శన మొదలైన దినం
పొడి గుడ్డ భుజాన ఏసుకొని అడిగింది,
"నేను చెప్పింది రాసినవా సారూ?"
ఆమెకు అక్షరాలు రావు.
రాసిన, అని చెప్పిన.

అన్ని అద్దాలు ఒక్కసారి,
ఆ ఒక్కటి మాత్రం
దినాం రెండుసార్లు తుడుస్తున్నది.